ప్రేగులలోని సూక్ష్మజీవులు, స్థూలకాయం: సభ్యులు తెలుసుకొనవలసిన సంగతులు

ఇటీవల ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో తనిఖీ ముగించుకొని, సంఘ కార్యాలయం అరుగు మీద సభ్యులతో మాట్లాడుతూ ఉండగా, యాభై ఏళ్లు దాటిన సభ్యుడొకరు సంచిలో నుంచి ఒక డబ్బా తీసి మా చేతికి ఇచ్చారు. బోనసు సొమ్ములో కొంత పెట్టి పట్నం నుంచి తెప్పించుకున్న గుళికలవి. కడుపులో మంచి సూక్ష్మజీవులను పెంచి పొట్ట కరిగిస్తుందని, షుగరు తగ్గిస్తుందని దాని మీద వ్రాసి ఉన్నది. "ఇన్‌స్పెక్టరు గారూ, ఇది నిజమేనా?" అని ఆయన అడిగారు. ఆయన భార్య కూడా సంఘ సభ్యురాలే. ఆమె అందుకొని, "నిజమో కాదో గాని, ఇది మొదలుపెట్టినాక డాక్టరు గారిచ్చిన మాత్రలు మానేసి ఇరవై రోజులైందండీ" అన్నారు.

అదే రోజు పాలకవర్గ సభ్యులొకరు మరొక మాట అడిగారు. "మన పెరుగు తింటే పొట్ట తగ్గుతుందని కేంద్రం ముందు ఒక బోర్డు వ్రాయిస్తే అమ్మకాలు పెరుగుతాయి కదా, అందులో తప్పేమైనా ఉన్నదా?" అని.

మేము సహకార శాఖ వాళ్ళమే గాని వైద్యులము కాము. అయితే ఖర్చు చూపినచోట వోచరు అడగడం మా వృత్తి. ఇటువంటి మాటలకు కూడా వోచరు ఉన్నదా లేదా అని చూడవలసిందే. మాత్రలు మాత్రం ఆ రోజే తిరిగి మొదలుపెట్టి, మరునాడు డాక్టరు గారిని కలవవలసిందని ఆయనకు చెప్పి వచ్చాము. తరువాత ఈ విషయమై జరిగిన పరిశోధనల గురించి చదివి, మాకు అర్థమైన మేరకు సభ్యులందరి కొరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

పశువు కడుపు సంగతి మనకు తెలిసినదే

సూక్ష్మజీవులంటే జబ్బు తెచ్చే పురుగులని చాలామంది అభిప్రాయం. పాడి రైతు అలా అనుకోనక్కరలేదు. గేదె తినే ఎండుగడ్డిని గేదె స్వయంగా జీర్ణం చేసుకోలేదు. దాని నెమరు పొట్టలో, అంటే పశువైద్యులు రూమెన్ అని పిలిచే సంచిలో, కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉన్నాయి. పెద్ద పశువులో ఆ సంచి 100 లీటర్లకు పైగా పడుతుంది. గడ్డిలోని పీచును ఆ జీవులు పులియబెట్టి కొన్ని ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ఎసిటిక్ ఆమ్లం పొదుగుకు చేరి పాలలోని వెన్నకు ముడిసరుకు అవుతుంది. గడ్డి తగ్గించి దాణా ఎక్కువ చేసినప్పుడు వెన్న శాతం పడిపోవడానికి కారణం ఇదే. పరీక్ష యంత్రం తప్పు చూపుతున్నదని కార్యదర్శితో తగవు పెట్టుకునే ముందు సభ్యులు తమ గాటిలో గడ్డి ఎంత ఉన్నదో చూసుకోవడం మంచిది.

కాబట్టి మనం పశువుకు మేత వేయడమంటే ముందుగా దాని కడుపులోని సూక్ష్మజీవులకు మేత వేయడమే. ఆ మేత ఒక్కసారిగా మారిస్తే ఏమవుతుందో కూడా ఊళ్ళో అందరూ చూసిందే. పెళ్ళింట మిగిలిన అన్నం గంపెడు తెచ్చి గేదె ముందు పోస్తారు. మరునాటికి అది మేత ముట్టదు, నెమరు వేయదు, పారుకుంటుంది. అన్నంలోని పిండి పదార్థాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు విపరీతంగా తిని పెరిగి, కడుపంతా పులుపు చేస్తాయి. ఆ పులుపుకు పొట్ట గోడ దెబ్బతిని, సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి దిగుతాయి. అప్పుడు పశువైద్యుడు పరుగున రావలసి ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మనుషుల మీద జరిగిన పరిశోధన సులువుగా బోధపడుతుంది.

మనిషి ప్రేగులలో జరిగేది

మనిషికి నెమరు పొట్ట లేదు. కాని మన పెద్దప్రేగు ఆ పనిని కొంత మేరకు చేస్తుంది. మనం జీర్ణం చేసుకోలేని పీచు అక్కడికి చేరిన తరువాత, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి అవే రకం ఆమ్లాలను తయారు చేస్తాయి. వాటిలో బ్యుటిరిక్ ఆమ్లం ప్రేగు గోడలోని కణాలకు ఆహారం. పశువులో ఈ పులియబెట్టడం జీర్ణానికి ముందు జరుగుతుంది, మనిషిలో చివర జరుగుతుంది.

ఈ జీవులకు ఒంటి కొవ్వుతో సంబంధం ఉన్నదని గట్టిగా చూపిన ప్రయోగం 2004లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందం చేసినది. పుట్టినది మొదలు ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన చిట్టెలుకలకు, మామూలు చిట్టెలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను ఎక్కించారు. 14 రోజులలో వాటి ఒంటి కొవ్వు 60 శాతం పెరిగింది. అవి తిన్న మేత మాత్రం మునుపటి కంటే తక్కువే. మేత తగ్గినా కొవ్వు పెరిగిందంటే, మధ్యలో మరెవరో పని చేస్తున్నారన్నమాట.

బెల్జియం శాస్త్రవేత్త పరిశోధన

ఆ పని ఎలా జరుగుతున్నదో వెదికినవారిలో ముఖ్యుడు బెల్జియం దేశస్థుడు పాట్రిస్ కాని. లూవేన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన మొదట రోగులకు ఆహార సలహాలు చెప్పే డైటీషియన్ చదువు చదివి, తరువాత పరిశోధనలోకి వచ్చిన మనిషి. అదే విశ్వవిద్యాలయంలో నతాలీ డెల్జెన్ అనే ఆచార్యురాలు కూడా ఈ రంగంలో ఎంతో కృషి చేశారు. ప్రేగులలోని మేలైన సూక్ష్మజీవులకు మేతగా పనికివచ్చే పీచుకు "ప్రీబయాటిక్" అని 1995లో పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరైన మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ కూడా అక్కడ ఆచార్యుడిగా పనిచేసినవారే.

2007లో కాని, ఫ్రాన్సులోని తులూజ్ నగరపు రెమీ బ్యుర్సెలాన్ బృందంతో కలిసి చేసిన పరిశోధన ప్రచురించారు. చిట్టెలుకలకు నాలుగు వారాలు కొవ్వు మిక్కుటంగా ఉన్న మేత పెట్టారు. వాటి రక్తంలో ఒక విష పదార్థం రెండు మూడు రెట్లు పెరిగింది. అది ప్రేగులలోని కొన్ని సూక్ష్మజీవుల పై పొరలో ఉండే పదార్థం. ఆరోగ్యంగా ఉన్న ప్రేగు గోడ దానిని లోపలే ఆపుతుంది. గోడ వదులైతే రక్తంలోకి జారుతుంది. తరువాత మామూలు మేత తింటున్న చిట్టెలుకలకు అదే విషాన్ని కొద్ది కొద్దిగా నాలుగు వారాలు ఎక్కించి చూశారు. అవి కూడా బరువు పెరిగాయి, వాటి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం మానింది. అన్నం తిన్న గేదె సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి. అక్కడ ఒక్కసారిగా ముంచుకువచ్చిన ఉపద్రవం ఇక్కడ చాప కింద నీరులా జరుగుతున్నది.

ఇది విని ఎవరూ నెయ్యి, వెన్న విషమని కంగారు పడనవసరం లేదు. ఆ చిట్టెలుకల మేతలో శక్తిలో 72 శాతం కొవ్వు నుంచే వచ్చింది, పిండి పదార్థం, పీచు దాదాపు లేవు. అటువంటి భోజనం మనలో ఎవరూ చేయరు. ప్రేగు గోడ ముఖ్యమని మాత్రం గ్రహించవలెను.

గోడకు కాపలా ఉండే జీవి

ప్రేగు లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో నివసించే ఒక సూక్ష్మజీవిని 2004లో నెదర్లాండ్స్ దేశంలోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో విల్లెమ్ డి వోస్ బృందం గుర్తించి, తమ సహ శాస్త్రవేత్త అక్కర్మాన్స్ పేరు మీద అక్కర్మాన్సియా అని పేరు పెట్టింది. బరువెక్కిన చిట్టెలుకలలో ఈ జీవి సంఖ్య తగ్గిపోయిందని, ప్రీబయాటిక్ పీచు మేపితే తిరిగి పెరిగిందని 2013లో కాని, డి వోస్ కలిసి చూపారు. ఆ జీవినే నేరుగా ఇచ్చినప్పుడు జిగురు పొర మందమై, కొవ్వు పెరుగుదల తగ్గింది. 121 డిగ్రీల సెంటీగ్రేడు ఆవిరి వేడిలో పూర్తిగా చంపి ఇచ్చినప్పుడు ఆ ఫలితం రాలేదు. కనుక బ్రతికి ఉంటేనే పనిచేస్తుందని అందరూ అనుకున్నారు.

ఆ తరువాత జరిగినది పాల వృత్తిలో ఉన్న మనకు ప్రత్యేకంగా రుచించే సంగతి. అంత తీవ్రమైన వేడి కాకుండా 70 డిగ్రీల వద్ద 30 నిమిషాలు, అంటే పాలకు చేసినట్లు పాశ్చరైజ్ చేసి చూశారు. మన డెయిరీలలో పాలను 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు గాని వేడి చేయడం సభ్యులకు తెలిసినదే. ఆ వేడికి జీవి పెరిగే శక్తి కోల్పోయింది. కాని చిట్టెలుకలలో అది బ్రతికిన జీవి కంటే కూడా బాగా పనిచేసింది. ఆ జీవి పై పొరలో ఉన్న ఒక మాంసకృత్తు ఆ వేడికి చెడకపోవడం ఇందుకు ఒక కారణమని 2017లో ప్రకటించారు. వేడి ఎంత అన్నది ఎంత ముఖ్యమో పాశ్చరైజేషన్ చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

మనుషులపై పరీక్ష: లెక్కలు

చిట్టెలుక వేరు, మనిషి వేరు. అందుచేత 2019లో ప్రచురితమైన పరీక్షను జాగ్రత్తగా చూడవలెను. అధిక బరువు ఉండి, ఇన్సులిన్ సరిగా పనిచేయని 40 మందిని చేర్చుకున్నారు. 32 మంది చివరి వరకు నిలిచారు. వారిని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి బ్రతికిన జీవిని, ఒక భాగానికి పాశ్చరైజ్ చేసిన జీవిని, మూడవ భాగానికి ఏమీ లేని ఉత్త పొడిని మూడు నెలలు ఇచ్చారు. జీవిని ఇచ్చినవారికి మోతాదు రోజుకు 1,000 కోట్లు.

పాశ్చరైజ్ చేసిన జీవిని తీసుకున్నవారిలో ఇన్సులిన్ పనితనం, ఉత్త పొడి తీసుకున్నవారితో పోల్చగా, 28 శాతానికి పైగా మెరుగైంది. మొత్తం కొలెస్టరాల్ 8 శాతానికి పైగా తగ్గింది. బరువు తేడా సుమారు 2 కిలోలు. అయితే ఈ బరువు తేడా కాకతాళీయం కాదని గణాంక శాస్త్రం ప్రకారం రూఢిగా చెప్పలేమని వారే ఇచ్చిన లెక్కలను బట్టి తెలుస్తున్నది. దుష్ఫలితాలు కనబడలేదు. 2021లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పాశ్చరైజ్ చేసిన ఈ జీవి పెద్దలకు భద్రమైనదేనని చెప్పింది. గర్భిణులను, పాలిచ్చే తల్లులను అందులో చేర్చలేదు. భద్రమైనదని చెప్పడం వేరు, జబ్బు నయం చేస్తుందని చెప్పడం వేరు.

తనిఖీ చేసేవారు చెప్పక తప్పని మాట ఒకటి ఉన్నది. ఈ జీవిని తయారుచేసి అమ్మే కంపెనీ స్థాపకులలో కాని, డి వోస్ ఇద్దరూ ఉన్నారు. ఇది రహస్యమేమీ కాదు. పరిశోధన అబద్ధమని కూడా దీని అర్థం కాదు. సరుకు అమ్మేవారే తూకం వేసినప్పుడు మనం మరొక కాటా మీద కూడా ఒకసారి తూచుకుంటాము కదా, అంతే. 32 మంది మీద మూడు నెలలు జరిగిన పరీక్ష మంచి ఆరంభం, కాని అది చివరి మాట కాదు. పైగా ఇది షుగరు మాత్రలకు బదులుగా ఈ జీవిని వాడి చూసిన పరీక్ష కానే కాదు. మా సభ్యుని డబ్బా మీద ఈ జీవి పేరు కూడా లేదు, వేరే పేర్లేవో ఉన్నాయి. అంటే ఖర్చు ఒకరిది, చూపిన వోచరు వేరొకరిది.

మేత లేకపోతే కాపలావాడే గోడ తింటాడు

2016లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం, ఐరోపాలోని లక్సెంబర్గ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధన కూడా తెలుసుకోదగినది. మనిషి ప్రేగులలోని సూక్ష్మజీవులను చిట్టెలుకలలో పెంచి, వాటికి పీచు లేని మేత పెట్టారు. మేత దొరకని సూక్ష్మజీవులు ప్రేగు గోడ మీది జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడి, జబ్బు చేసే సూక్ష్మజీవి సులువుగా గోడ వరకు చేరింది. అలా పొర తిని పెరిగిన వాటిలో మన అక్కర్మాన్సియా కూడా ఉన్నది! పీచు ఉన్నప్పుడు కాపలావాడు, పీచు లేనప్పుడు తానే గోడ కొరికేవాడు. ఒక్క జీవిని పట్టుకొని మంచిదని ముద్ర వేయడం కంటే, వాటన్నిటికీ సరైన మేత వేయడమే ప్రధానమని మాకు దీనివల్ల తోచింది.

బెల్జియం పరిశోధకులు వాడిన పీచు ఎక్కువగా ఇన్యులిన్. అక్కడ చికోరి దుంప నుంచి దానిని తీస్తారు. మన కాఫీ పొడిలో కలిపేది ఆ దుంపే. అంతమాత్రాన రోజుకు మరో రెండు గ్లాసుల కాఫీ త్రాగమని కాదు. వారు వాడినది దుంప నుంచి వేరుచేసిన పీచు. డెల్జెన్ బృందం 30 మంది స్థూలకాయ స్త్రీలలో సగం మందికి రోజుకు 16 గ్రాముల చొప్పున మూడు నెలలు అటువంటి పీచు ఇచ్చి 2013లో ఫలితాలు ప్రకటించింది. మేలైన సూక్ష్మజీవులు పెరిగాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆ సంగతిని వారు దాచకుండా వ్రాశారు. ఇటువంటివారి మాటనే నమ్మవచ్చును.

మన ఇంటి గాటి సంగతి

మనకు ఇన్యులిన్ పొడి కొనవలసిన పని లేదు. ఉల్లిలో, వెల్లుల్లిలో అది కొంత ఉన్నది. జొన్న, రాగి, సజ్జ, కొర్ర, కంది, పెసర, ఉలవ, శనగ, తోటకూర, గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ, జామ వీటన్నిటిలో రకరకాల పీచు ఉన్నది. రకాలు ఎక్కువైనకొద్దీ ఎక్కువ జాతుల సూక్ష్మజీవులకు మేత దొరుకుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. వడ్లు మిల్లు పట్టించి, పీచు ఉన్న తవుడును గేదెకు వేసి, మెరుగు పట్టిన తెల్లని బియ్యం మనం తింటున్నాము. గేదె ఆరోగ్యం కోసం గడ్డి, తవుడు, దాణా పాళ్ళు లెక్క చూసుకునే రైతు, తన పళ్ళెంలో మూడు వంతులు తెల్లన్నం, చారెడు కూర వేసుకుంటున్నాడు. దానికి తోడు పాలు పోసి రావడానికి కూడా మోటారు సైకిలే. ఒకనాడు ఉదయం జొన్నరొట్టె, రాగి సంగటి తిని, నడిచి పొలం వెళ్ళిన ఇళ్ళల్లోనే ఈనాడు షుగరు మాత్రల చీటీలు కనబడుతున్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో, రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అని లెక్క చెప్పారు. కూరల తూకం ధాన్యం తూకం కంటే ఎక్కువ ఉన్నదని గమనించగలరు. మన పళ్ళెం దానికి తలక్రిందులుగా ఉన్నది.

పెరుగు గురించి ఉన్నమాట

పాలలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి, కాల్షియం ఉన్నది. కాని పాలలో, పెరుగులో పీచు లేదు. మన సరుకు గురించి ఈ మాట మనమే ముందు చెప్పడం మర్యాద. పెరుగులోని సూక్ష్మజీవులు పాల చక్కెరను జీర్ణం చేయడంలో తోడ్పడతాయి. అందుకే పాలు పడనివారు కొందరికి పెరుగు పడుతుంది. ఇది నిరూపితమైన విషయం. ఆ జీవులు చాలావరకు మన ప్రేగులలో స్థిరపడవు, ప్రయాణికుల వలె వచ్చి పోతాయి. పెరుగు తింటే పొట్ట కరుగుతుందనడానికి మాత్రం వోచరు లేదు.

అందుచేత అటువంటి బోర్డు వ్రాయించరాదని ఆ పాలకవర్గానికి మా సలహా. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. జరిమానా సంగతి అలా ఉంచినా, మన బోర్డు చదివి ఏ షుగరు రోగి అయినా మాత్రలు మానితే ఆ పాపం సంఘానిదే అవుతుంది. నీళ్ళు కలపని పాలు పోసి సంపాదించుకున్న నమ్మకం, కల్తీ మాటతో పోగొట్టుకోవడం తగదు.

సభ్యులు పాటించదగినవి

1. షుగరు, రక్తపోటు మాత్రలను డాక్టరు చెప్పకుండా మానరాదు. ఏ గుళికలైనా కొనేముందు డబ్బాను డాక్టరుకు చూపించండి.

2. వారంలో కొన్ని పూటలు జొన్న, రాగి, కొర్ర వంటివి తినండి. రోజూ పప్పు, ఆకుకూర ఉండేటట్లు చూడండి.

3. పీచు ఒక్కసారిగా పెంచకండి. పశువుకు మేత మార్చినట్లే కొద్దికొద్దిగా పెంచితే కడుపు ఉబ్బరం ఉండదు. నీరు తగినంత త్రాగండి.

4. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు పరీక్ష చేయించుకోండి.

5. పాలు పోయడానికి వీలైనంత వరకు నడిచి రండి.

6. ఇంట్లో పాలన్నీ సంఘానికే పోయకుండా పిల్లలకు, పెద్దలకు సరిపడా ఉంచుకోండి.

ఈ వ్యాసం వ్రాయడానికి ముందు మరొకమారు ఆ సంఘానికి వెళ్ళాము. ఆ సభ్యుడు మాత్రలు తిరిగి వేసుకుంటున్నారు. డాక్టరు గారు రక్త పరీక్ష చేసి, బాగా మందలించి, మోతాదు సరిచేశారట. డబ్బా సంగతి అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. జవాబు ఆయన భార్య ఇచ్చారు. "ఆ డబ్బా ఖరీదు పెట్టి రెండు బస్తాల జొన్నలు కొన్నామండీ. చొప్ప మాత్రం ఎప్పటిలాగే గేదెకే" అన్నారు. ఇంతకంటే చక్కగా ఈ పరిశోధన సారాన్ని మేము చెప్పలేము.